వడ్ల గింజంత కాళ్లున్న పాము: గచ్చు మీద సాగదు, దుబ్బలో ఆగదు

చెలక_పిల్లగాడు | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది వర్ధన్నపేట పక్కన చిన్న ఊరు. రోహిణి కార్తె అయిపోవస్తోంది కదా, చెలకకు తోలుదామని పొద్దున పెంటకుప్ప తవ్వుతున్నాం. పార పక్కనుంచి ఒకటి సర్రున జారింది. పాము అనుకుని మా అమ్మ అరిచింది. చూస్తే జానెడుకు కొంచెం తక్కువ పొడుగు, చిటికెన వేలంత లావు. ఇత్తడి రంగు ఒళ్లు, మీద నల్ల చుక్కల వరుసలు. దగ్గరికి వంగితే కాళ్లు కనపడ్డాయి! నాలుగు కాళ్లు, ఒక్కోటి వడ్ల గింజంత.

"నలికండ్ల పామురా, కొట్టెయ్" అన్నది అమ్మ. నేను కొట్టలేదు, పాత పెయింట్ డబ్బాలో వేసి ఇంటికి తెచ్చాను. అసలు సంగతి ఇప్పుడు చెప్తా.

వరండాలో టైల్స్ మీద వదిలితే అది పిచ్చిగా మెలికలు తిరిగింది, కానీ ఉన్నచోటనే ఉంది. కాళ్లు జారుతున్నాయి, ఒళ్లు జారుతోంది. సైకిల్ గాల్లో తొక్కినట్టు. సరే అని వాకిట్లో దుబ్బలో పెట్టాను. రెప్ప వేసేలోపు మాయం! మళ్లీ తవ్వి పట్టుకోవడానికి పావుగంట పట్టింది. ఫోన్‌లో స్లోమోషన్ తీసి చూస్తే ఇంకో వింత: దుబ్బలోకి పోయేటప్పుడు కాళ్లు వాడనే లేదు. వెనక్కి మడిచి ఒంటికి అతికించుకుంది.

ఇది కాళ్లున్న పామా, కాళ్లు పోతున్న బల్లా? కాళ్లు లేకుండా ఇవి ముందుకు ఎట్లా పోతాయి? పామును చిన్నప్పటి నుంచి చూస్తున్నా గానీ ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

హంటర్‌రోడ్_బాద్షా | ఆదివారం, రాత్రి 9:20

అన్నా, రెండు తలల పాము అయితే లక్షలకు పోతుంది. బరువు చూడు ముందు 😄

పాముల_తమ్ముడు | ఆదివారం, రాత్రి 9:31

బాద్షా అన్నా, జోకు కోసమైనా ఆ మాట వద్దు. రెండు తలల పాముకు ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉంటుంది కాబట్టి జనం రెండు తలలు అనుకుంటారు. దాన్ని అమ్మినా కొన్నా కేసు అవుతుంది. ఆ "లక్షలు" మాట నమ్మి మోసపోయినవాళ్లను నేను చూశాను.

చెలక తమ్మీ, మూడు చూసి చెప్పు. ఒకటి, కన్ను ఆర్పుతోందా? రెండు, చెవి దగ్గర చిన్న రంధ్రం ఉందా? మూడు, పొట్ట కింద పొలుసులు అడ్డంగా పట్టీల్లా ఉన్నాయా, లేక వీపు మీద ఉన్నట్టే చిన్నచిన్నగా ఉన్నాయా? నేను హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఇళ్లల్లో దూరిన పాములను పట్టి అడవిలో వదులుతుంటా. ఫోన్లో అడిగినప్పుడు ఎవరికైనా ఈ మూడే చెప్తాను.

చెలక_పిల్లగాడు | ఆదివారం, రాత్రి 9:50

కన్ను ఆర్పింది! రెండుసార్లు చూశాను. చెవి రంధ్రం గుండుసూది గుచ్చినంత. పొట్ట పొలుసులు వీపు మీదవాటి లాగానే ఉన్నాయి, పట్టీలు లేవు.

పాముల_తమ్ముడు | ఆదివారం, రాత్రి 9:52

అయితే బల్లి జాతి. పాము కన్నార్పదు, దాని కంటి మీద రెప్పకు బదులు అద్దం లాంటి పొలుసు ఉంటుంది. బయటికి చెవి రంధ్రం ఉండదు. భయం లేదు, పడుకో. డబ్బాలో కొంచెం తడి మన్ను వెయ్యి.

కిషన్‌పుర_మాస్టారు | సోమవారం, ఉదయం 6:05

తమ్మీ, ఫొటో పెద్దది చేసి చూశాను. నలికిరి జాతే. శాస్త్రంలో రియోపా పంక్టాటా, పుస్తకాల్లో స్పాటెడ్ సపుల్ స్కింక్ అని ఉంటుంది. పిల్లప్పుడు తోక ఎర్రగా ఉంటుంది, పెద్దయ్యాక రంగు వెలిసిపోతుంది. విషం అసలు లేదు. పురుగులు తిని బతుకుతుంది, నీ పెంటకుప్పలో దానికి రోజూ పెళ్లిభోజనమే.

డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, విసుగు పడొద్దు.

కాళ్లు పోవడం సరీసృపాల చరిత్రలో ఒక్కసారి జరిగిన ముచ్చట కాదు. బల్లుల వేర్వేరు కుటుంబాల్లో కనీసం 25 సార్లు విడివిడిగా జరిగింది. పాములు అందులో ఒక కొమ్మ, అంతే. యూరప్‌లో స్లో వర్మ్ ఉంది. పేరులో వర్మ్ ఉన్నా అది పురుగు కాదు, బల్లి. గ్లాస్ లిజర్డ్‌లు ఉన్నాయి, వాటిలో షెల్టోపుసిక్ అనేది మీటరు దాటి పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో పైగోపాడ్‌లు ఉన్నాయి. అవి మన గోడబల్లికి దూరపు చుట్టాలు. ముందుకాళ్లు పూర్తిగా పోయి, వెనకకాళ్లు రెండు చిన్న రేకుల్లా మిగిలాయి. మన దేశంలోనూ డార్జిలింగ్ వైపు, ఈశాన్యంలో ఒక గ్లాస్ లిజర్డ్ ఉంది.

ఇవన్నీ కాళ్లు పోగొట్టుకున్న దారి దాదాపు ఒకటే. కాళ్లు తగ్గుతున్నకొద్దీ ఒళ్లు పొడుగవుతుంది. మామూలు నాలుగు కాళ్ల బల్లికి మెడ నుంచి నడుము దాకా వెన్నుపూసలు ఇంచుమించు 26. కాళ్లు చిన్నవైన జాతుల్లో ఆ లెక్క పెరుగుతూ పోతుంది. పాముల్లోనైతే మొత్తం 200 దాటుతుంది, కొన్నిటిలో 400 కూడా. పూసలు ఎక్కువైతే ఒళ్లు ఎక్కువ చోట్ల వంగుతుంది. వంగినచోటల్లా నేలను నెట్టొచ్చు. నీ నలికిరి ఈ దారిలో సగంలో ఉంది: ఒళ్లు సాగింది, కాళ్లు కురచబడ్డాయి, కానీ పోలేదు.

స్లో వర్మ్‌ను కోసి చూస్తే బయట కాలు జాడ లేకపోయినా లోపల ఉరోమేఖల, శ్రోణిమేఖల ముక్కలు కనపడతాయి. అంటే భుజం ఎముకలు, తుంటి ఎముకలు. ఇల్లు ఖాళీ చేసినా గోడకు మేకులు మిగిలినట్టు. పాముల్లో ఉరోమేఖల మొత్తమే లేదు. కాళ్లు లేని బల్లికీ పాముకూ ఇదొక పెద్ద తేడా.

నిట్_మెకానికల్ | సోమవారం, ఉదయం 10:40

మాస్టారూ, ఎముకలు మీరు చెప్పారు, బలాల సంగతి నేను చెప్తాను. క్లాసులో కూర్చునే టైప్ చేస్తున్నా.

చెలక అన్నా, నీ టైల్స్ ప్రయోగం చాలా మంచిది. 1946లో జేమ్స్ గ్రే అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త పాముల మీద ఇలాంటి పనే చేశాడు. నునుపు నేల మీద వదిలితే అవి మెలికలు తిరుగుతాయి గానీ సాగవు. అదే బల్ల మీద మేకులు నాటితే హాయిగా పోతాయి. ఎందుకు?

ఒంటి ఎడమ పక్క కండరం బిగుస్తుంది, కుడి పక్కది వదులవుతుంది. ఒక పూస తర్వాత ఒక పూస, తల నుంచి తోక దాకా ఆ బిగింపు అలలా వెనక్కి పోతుంది. వెనకే కుడి పక్క బిగింపు. అందుకే ఒంట్లో వంపులు. ప్రతి వంపు పక్కనున్న రాయినో, గడ్డి మొదలునో వెనక్కీ పక్కకీ నెడుతుంది. రాయి కదలదు కాబట్టి ఒంటిని తిరిగి నెడుతుంది. ఎడమ వంపు కుడికి తోస్తే కుడి వంపు ఎడమకు తోస్తుంది, పక్క బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ముందుకు తోసేవి మాత్రం కలుస్తాయి. ఒకేసారి కనీసం మూడు చోట్ల ఆసరా ఉంటేనే ఇది కుదురుతుందని గ్రే లెక్క. ఒకే మేకును నెడితే గుండ్రంగా తిరగడమే.

టైల్ మీద ఏముంది నెట్టడానికి? ఏమీ లేదు. దుబ్బలోనో, ఒంటి చుట్టూ అన్నీ గోడలే.

చెలక_పిల్లగాడు | సోమవారం, మధ్యాహ్నం 1:15

అర్థమైంది తమ్మీ. అంటే కాళ్లు లేనివాటికి కాళ్లు నేలే ఇస్తుందన్నమాట. కానీ మా నేల మీద రాళ్లు లేవు, దుబ్బ మెత్తగా పిండిలా ఉంటుంది. దాన్ని నెడితే పక్కకు పోతుంది గదా, రాయిలా నిలబడదు.

నిట్_మెకానికల్ | సోమవారం, మధ్యాహ్నం 1:22

మంచి ప్రశ్న. నాకు నిలబడే రాయి లెక్కే తెలుసు. మెత్తటి మన్ను లెక్క కష్టం.

పాఖాల_గాలి | సోమవారం, మధ్యాహ్నం 2:03

దీనికి సమాధానం 2009లో వచ్చింది. సహారా ఎడారిలో ఇసుక చేప అని పిలిచే నలికిరి ఉంటుంది, దానికి కాళ్లు బాగానే ఉన్నాయి. ఇసుక లోపల అది ఏం చేస్తుందో బయటికి కనపడదు కాబట్టి అమెరికాలో గోల్డ్‌మన్ బృందం పెట్టె నిండా సన్న గాజు పూసలు పోసి, అందులో వదిలి, ఎక్స్‌రేతో వీడియో తీసింది. లోపలికి పోగానే కాళ్లు మడిచి ఒంటికి ఆనించుకుంది! తర్వాత ఒళ్లంతా అలలా ఆడిస్తూ ఈదుకుంటూ పోయింది. అన్నా, నీ స్లోమోషన్ వీడియోలో చూసింది అదే.

మన్ను పక్కకు పోతుంది నిజమే, కానీ ఊరికే పోదు. పక్కనున్న రేణువులతో రాసుకుంటూ పోతుంది, ఆ రాపిడే ఆసరా. నీళ్లలో చేప నీటిని నెట్టినట్టు. అప్పుడు కాళ్లు చాపితే అడ్డం పడి వేగం తగ్గుతుంది. చిన్న కాళ్లున్నవాటికి రెండు గేర్లు అన్నమాట: నెమ్మదిగా పోయేటప్పుడు కాళ్లు, తొందరుంటే ఒళ్లు.

చెలక_పిల్లగాడు | సోమవారం, సాయంత్రం 7:48

రెండు గేర్ల మాట విని సాయంత్రం ఇంకో పని చేశాను. ఇంట్లో కొత్తవాడ జంపఖానా ఉంది, మా అక్క పెళ్లికి కొన్నది. అమ్మ చూడకుండా దాని మీద వదిలాను. టైల్ మీద ఒక్క అంగుళం పోనిది జంపఖానా మీద చక్కగా నడిచింది! పొట్ట పొలుసులు నేత సందుల్లో పట్టుకుంటాయేమో అనుకున్నా. వీడియోలో చూస్తే కాదు. కాలిగోర్లు దారం పోగులకు తగులుకుంటున్నాయి. ఎడమ ముందుకాలు, కుడి వెనకకాలు, మామూలు బల్లి నడకే. ఒళ్లు మాత్రం పొడుగు కాబట్టి నడుము నేలకు రాసుకుంటోంది.

తర్వాత చప్పట్లు కొట్టాను. వెంటనే నాలుగు కాళ్లూ లోపలికి. ఒళ్లు ఎస్ అక్షరంలా తిరిగి ఒక్క గుంజు, జంపఖానా అంచు కిందికి దూరింది. కాళ్లు మడవడం సగం సెకను కూడా పట్టలేదు.

(జంపఖానా ఉతకాల్సి వచ్చింది. ఎందుకో చెప్పను.)

కుట్టుమిషన్_అక్క | సోమవారం, రాత్రి 8:10

ఎందుకో మాకు అర్థమైందిలే తమ్ముడూ 😂

హంటర్‌రోడ్_బాద్షా | సోమవారం, రాత్రి 8:25

నేనొక వార్తలో చదివా, కాళ్లు లేని నలికిరి మన గోల్కొండలోనే దొరికిందట. కోట దగ్గర ఎప్పుడూ చూడలేదే?

వాల్తేరు_కోడలు | సోమవారం, రాత్రి 8:44

నాది విశాఖ, పెళ్లయ్యాక హన్మకొండ వచ్చాను. ఆ గోల్కొండ మీ కోట కాదు అన్నయ్యా! పాత ఇంగ్లీషు పుస్తకాల్లో విశాఖ దగ్గర తూర్పు కనుమల్లో గోల్కొండ కొండలని ఒకటి రాశారు. బెడ్డోమ్ అనే ఆయన 1870లో సెప్సోఫిస్ అనే నలికిరిని అక్కడి నుంచే వర్ణించాడు. తర్వాత వంద ఏళ్లకు పైగా అది ఎవరి కంటా పడలేదు. ఆ తర్వాతే మళ్లీ కనపడింది.

మా విశాఖకు ఇంకోటి సొంతం: బార్కుడియా మెలనోస్టిక్టా. పూర్తిగా కాళ్లు లేనిది. 1801లోనే పుస్తకానికెక్కింది. దాని అక్కో చెల్లో ఒడిశాలో చిలికా సరస్సు మధ్య బార్కుడా దీవిలో ఉంది, 1917లో ఆనండేల్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. బార్కుడియా పేరు ఆ దీవి నుంచే వచ్చింది. చెట్ల కింద ఆకు చెత్తలో, మెత్తటి మన్నులో ఉంటాయి. కాలేజీలో మా మేడం గాజుసీసాలో ఉన్న దాన్ని చూపిస్తే నేను వానపాము అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వకుండా, "వానపాముకు కళ్లు ఎక్కడున్నాయో చూపించు" అన్నారు.

కిషన్‌పుర_మాస్టారు | సోమవారం, రాత్రి 9:15

అమ్మా, మంచి మాట గుర్తుచేశావు. మన వరంగల్ వైపు పూర్తిగా కాళ్లు లేని బల్లిని నా సర్వీసులో నేను చూడలేదు. "కాళ్లు లేని బల్లి" అని పిల్లలు నా దగ్గరికి తెచ్చినవన్నీ గుడ్డి పాములే.

ములుగు_టీచరమ్మ | సోమవారం, రాత్రి 9:40

సార్, గుడ్డి పాము గురించి నేను చెప్తా. మా బడిలో పూలకుండీ కదిపితే చాలు, ఒకటి బయటపడుతుంది. నల్లగా మెరుస్తూ జానెడుకన్నా చిన్నగా ఉంటుంది. పిల్లలు వానపామంటారు, ఆయమ్మ చెవిలో దూరుతుందంటుంది. చెవిలో దూరదు, చీమల గుడ్లు తింటుంది. అన్నీ ఆడవే, మగ తోడు లేకుండానే పిల్లలు పుడతాయి. మొక్కల కుండీల మన్నులో దాక్కుని ప్రపంచమంతా తిరిగొచ్చింది.

పాముల తమ్ముడికి ఒక ప్రశ్న. పొట్ట పొలుసులు పట్టీల్లా లేకపోతే బల్లి అన్నారు గదా. గుడ్డి పాముకు పొట్ట కింద కూడా చిన్న పొలుసులే. మరి అది బల్లి అయిపోతుందా?

పాముల_తమ్ముడు | సోమవారం, రాత్రి 9:58

దొరికిపోయాను టీచర్ 🙏 మీరు చెప్పింది నిజం. గుడ్డి పాములకు ఒళ్లంతా ఒకే సైజు పొలుసులు. అయినా అది పామే. ఆ మూడో గుర్తు నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు లాంటి పైన తిరిగేవాటికి పనికొస్తుంది, మట్టిలో బతికేవాటికి కాదు. ఇకనుంచి ఫోన్లో చెప్పేటప్పుడు కన్ను, చెవి ముందు అడుగుతా.

పాఖాల_గాలి | సోమవారం, రాత్రి 10:20

ఆ పట్టీల్లాంటి పొలుసులు నడకలో పెద్ద సంగతే. కొండచిలువ తొందర లేనప్పుడు మెలిక లేకుండా సూటిగా పోతుంది, చూసే ఉంటారు. పక్కటెముకల నుంచి పొట్ట చర్మానికి కండరాలు ఉంటాయి. ఆ కండరాలు పొట్ట పొలుసులను ఎత్తి ముందుకు జరిపి, నేలకు ఆనించి, ఒంటిని వాటి మీదుగా లాగుతాయి. చర్మం నిలబడి ఉంటే ఒళ్లు లోపల జారుతుందన్నమాట. గ్లాస్ లిజర్డ్ లాంటివాటికి ఈ విద్య పట్టుబడదు: పట్టీలు లేవు, పైగా చర్మం బిర్రుగా ఉంటుంది.

పాము పొలుసుల్లో ఇంకో కిటుకు: ముందుకు జారితే రాపిడి తక్కువ, పక్కకు జారితే ఎక్కువ. దీన్ని 2009లోనే మరో బృందం కొలిచింది. అందుకే మరీ అద్దం లాంటి చోట తప్ప, రాళ్లు లేని చదును నేల మీద కూడా పాము నెట్టుకుపోగలదు.

నిట్_మెకానికల్ | సోమవారం, రాత్రి 10:31

స్కేటింగ్ చెప్పుల్లాగా. చక్రం ముందుకు తిరుగుతుంది, పక్కకు జారదు.

కుట్టుమిషన్_అక్క | మంగళవారం, ఉదయం 11:30

చర్మం బిర్రుగా ఉంటుంది అన్నారు, ఎందుకట? పాము చర్మం మెత్తగా సాగుతుంది కదా.

పాముల_తమ్ముడు | మంగళవారం, మధ్యాహ్నం 12:05

అక్కా, చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. జెర్రిపోతును పడితే లోపల కండలు అటూ ఇటూ పరుగెత్తుతాయి, తాడులా మెత్తగా చుట్టుకుంటుంది. నలికిరిని పడితే సానబెట్టిన చెక్క ముక్క పట్టుకున్నట్టు నున్నగా, గట్టిగా ఉంటుంది. వేళ్లలోంచి సబ్బులా జారిపోతుంది.

కిషన్‌పుర_మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 3:20

ఆ గట్టిదనానికి కారణం పొలుసు కింద ఉండే సన్నటి ఎముక పలకలు. నలికిరి జాతుల్లోనూ, గ్లాస్ లిజర్డ్ కుటుంబంలోనూ ఉంటాయి. పాములకు సాధారణంగా ఉండవు. ఒళ్లంతా కవచం తొడుక్కున్నట్టే. దీనివల్ల పాములా చుట్టలు చుట్టుకోవడం కుదరదు, వంపులు వెడల్పుగా ఉంటాయి. దవడలు కూడా పాములా విడిపోవు కాబట్టి తలకన్నా పెద్ద ఎరను మింగలేవు.

గ్లాస్ లిజర్డ్‌కు కవచం మరీ బిగుతు. ఊపిరి పీల్చినా, కడుపు నిండినా, గుడ్లు మోసినా ఒళ్లు ఉబ్బాలి కదా? అందుకని రెండు పక్కలా పొడుగునా ఒక మెత్తటి మడత ఉంటుంది, అది విచ్చుకుంటుంది.

కుట్టుమిషన్_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 3:42

సార్, అది మేం పెట్టే ప్లీటే! సాగని బట్టతో డ్రెస్ కుడితే పక్కన మడత వదలాలి, లేకపోతే కూర్చోగానే కుట్టు పిగులుతుంది. దేవుడి దగ్గర కూడా టైలర్ ఉన్నాడన్నమాట.

హంటర్‌రోడ్_బాద్షా | మంగళవారం, సాయంత్రం 5:10

అంతా బాగుంది గానీ, పాముకు ఒకప్పుడు కాళ్లుండేవంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ఎవరు చూశారు?

పాముల_తమ్ముడు | మంగళవారం, సాయంత్రం 5:36

నేను చూశా అన్నా. కొండచిలువను తిప్పి చూడు, తోక మొదలయ్యే చోట రెండు పక్కలా చిన్న గోరు లాంటివి ఉంటాయి. వెనకకాళ్లలో మిగిలినవి అవే. కోడిపుంజు కాలికి కత్తి కట్టుకున్నట్టు కనపడతాయి, మగవాటికి ఇంకొంచెం పెద్దవి.

కిషన్‌పుర_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:00

స్లో వర్మ్ పిండంలో కాళ్ల మొగ్గలు మొలుస్తాయి, కొన్నాళ్లకు ఎదుగుదల ఆగి కరిగిపోతాయి. కాలు పెరగమని చెప్పే జన్యువు పాముల్లో పోలేదు, దాన్ని ఆన్ చేసే స్విచ్ చెడింది. 2016లో ఎలుక పిండాల్లో ఆ స్విచ్ తీసి కొండచిలువది పెడితే పుట్టిన ఎలుకలకు కాళ్లు మొండిగా వచ్చాయి.

పాఖాల_గాలి | మంగళవారం, రాత్రి 8:25

పోయిన కాళ్లు మళ్లీ వచ్చాయనే వాదన కూడా ఉంది మాస్టారూ. ఫిలిప్పీన్స్‌లో బ్రాకిమిలిస్ అనే నలికిరుల్లో కాళ్లు లేనివి, సగం కాళ్లవి, పూర్తి కాళ్లవి అన్నీ ఉన్నాయి. పొడి వాతావరణంలో వాటి పూర్వీకులకు కాళ్లు పోయి, వానలు పెరిగాక కొన్నిటికి తిరిగి వచ్చాయని 2020లో ఒక బృందం రాసింది. తడి మన్నులో తవ్వడానికి కాళ్లు పనికొస్తాయట.

కిషన్‌పుర_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:40

చదివాను. నేను పాతకాలపు మనిషిని, పోయిన అవయవం తిరిగి వచ్చిందంటే ఒప్పుకోవడం కష్టంగా ఉంది. కానీ తడి మన్ను మాట ఆలోచించదగ్గది. మన రేగడిలో వానాకాలం ఒళ్లు ఆడించి ఈదడం ఏ నలికిరికైనా కష్టమే, జిగురుగా పట్టేస్తుంది. చెలక దుబ్బ వేరు.

నిట్_మెకానికల్ | మంగళవారం, రాత్రి 9:02

మరి గట్టి నేలలో? మొరంలో ఈదలేవు కదా.

పాఖాల_గాలి | మంగళవారం, రాత్రి 9:30

గట్టి నేలలో ఉన్న సొరంగంలోంచి పోవాలంటే నడక వేరు. తాటిచెట్టు ఎక్కే గౌడన్నను చూశావా? మోకు మీద ఒరిగి కాళ్లు పైకి తీసుకుంటాడు, కాళ్లు బిగించి మోకు పైకి విసురుతాడు. ఎప్పుడూ ఏదో ఒకటి చెట్టును పట్టుకునే ఉంటుంది. సొరంగంలో పాము కూడా అంతే. వెనక సగాన్ని వంపులు తిప్పి గోడలకు బిగిస్తుంది, ముందు సగాన్ని చాపుతుంది. తర్వాత ముందు సగాన్ని బిగించి వెనకది లాక్కుంటుంది. ఖర్చు ఎక్కువ, వేగం తక్కువ.

కొత్త సొరంగం తవ్వాలంటే తల కావాలి. ఆఫ్రికా, అమెరికా ఖండాల్లో ఆంఫిస్‌బీనియన్లని ఉంటాయి, వాటి పుర్రె గట్టిగా అతుక్కుపోయి గడ్డపార మొనలా ఉంటుంది. తలతో గుద్ది, మన్ను అదిమి దారి చేసుకుంటాయి. ఒంటి మీద పొలుసులు గాజుల వరుసలా ఉంగరాలు ఉంగరాలుగా ఉంటాయి. మెక్సికోలో వాటి చుట్టం బైపెస్‌కు ముందుకాళ్లు మాత్రమే ఉన్నాయి, వెనకవి లేవు. మిగతావాటిలో చాలామటుకు ముందుకాళ్లను ముందు పోగొట్టుకుంటే ఇది ఎదురు నడిచింది.

వాల్తేరు_కోడలు | మంగళవారం, రాత్రి 9:51

ఒళ్లు ఇంత సన్నగా ఉంటే లోపల అవయవాలు ఎలా సర్దుకుంటాయో కూడా మా మేడం చూపించారు. పక్కపక్కన ఉండాల్సినవి ఒకదాని వెనక ఒకటి. పాములకూ, కాళ్లు లేని బల్లులకూ ఎడమ ఊపిరితిత్తి చిన్నది. ఆంఫిస్‌బీనియన్లకు కుడిది చిన్నది. పరీక్షలో నేను తారుమారు చేసి రాశా, రెండు మార్కులు పోయాయి, అందుకే గుర్తుంది.

చెలక_పిల్లగాడు | బుధవారం, ఉదయం 6:50

ఒక డౌటు. దీని తోక చివర మూడు వేళ్ల మేర చుక్కలు లేవు, రంగు వేరేగా ఉంది. జబ్బా?

కిషన్‌పుర_మాస్టారు | బుధవారం, ఉదయం 7:15

జబ్బు కాదు, ఒకసారి తోక తెంపుకుని బతికింది. ఏ కోడో, పిల్లో పట్టుకుని ఉంటుంది. తోక పూసల్లోనే తెగడానికి బలహీనమైన గీత ఉంటుంది, పూసకూ పూసకూ మధ్య కాదు, పూస నడుమనే తెగుతుంది. మళ్లీ మొలిచిన దాంట్లో పూసలు ఉండవు, మృదులాస్థి కడ్డీ ఒకటే. పాములకు సాధారణంగా ఈ వసతి లేదు.

తోక గురించి ఇంకో ముచ్చట. కాళ్లు లేని బల్లుల్లో రెండు రకాల ఒళ్లు కనపడతాయి. గడ్డిలో పైన తిరిగేవాటికి తోక మరీ పొడుగు, గ్లాస్ లిజర్డ్‌లో మొత్తం పొడుగులో మూడింట రెండు వంతులు తోకే. మట్టిలో బతికేవాటికి తోక పొట్టి, ఒళ్లే పొడుగు. గడ్డిలో ఎంత పొడుగుంటే అన్ని గడ్డి మొదళ్లు నెట్టొచ్చు, శత్రువుకు ఇచ్చి పారిపోవడానికీ పనికొస్తుంది. సొరంగంలో పొడుగు తోక ఈడ్చుకుపోవడం దండగ అని నా ఊహ.

ములుగు_టీచరమ్మ | బుధవారం, ఉదయం 7:40

తమ్ముడూ, ఇక వదిలెయ్. మూడు రోజులైంది. తవ్విన కుప్పలో కాదు, నీడ ఉన్నచోట.

చెలక_పిల్లగాడు | బుధవారం, రాత్రి 8:33

వదిలాను టీచర్. సాయంత్రం ఎండ తగ్గాక చెలక గట్టున, వేపచెట్టు కింద. డబ్బా పక్కకు వంచితే మొదట కదల్లేదు. తల బయట పెట్టి, రెండు కాళ్లతో నాలుగు అడుగులు వేసింది. మెత్తటి మన్ను తగలగానే ముందు మూతి దూరింది. ముందుకాళ్లు వెనక్కి మడిచింది, తర్వాత వెనకకాళ్లు. నేను చూడాలనుకున్నది తోక. తల ఎక్కడ మెలిక తిరిగిందో అదే చోట నడుమూ తిరిగింది, తోకా తిరిగింది. సూది వెనక దారం పోయినట్టు, పక్కకు ఒక్క రేణువు ఎక్కువ కదల్లేదు. చివరి చుక్కల్లేని ముక్క కూడా లోపలికి పోయాక రంధ్రం మీద మన్ను దానంతట అదే కూలి మూసుకుంది.

అమ్మ వెనక నుంచి "పోయిందా?" అంది. పోయింది అన్నాను. పెంటకుప్పలో ఇంకా ఉంటాయేమో, పారతో కాకుండా చేతులతో మెల్లగా తీద్దామంటే, "నీకు తీరిక ఉంటే నువ్వే తియ్యి" అంది. మిగతా సగం వచ్చే ఆదివారం. ఎవరైనా సాయానికి వస్తారా?

హంటర్‌రోడ్_బాద్షా | బుధవారం, రాత్రి 8:41

చేతులతో పెంట తియ్యడమా? నాకు ఆదివారం పెళ్లి ఉందన్నా.